ముడతలు, మచ్చలు – ఎండ మన చర్మానికి చేసే హాని

"సిస్టరమ్మా, నాకింకా నలభై నిండలేదు. మొన్న బస్సులో ఒకమ్మాయి 'కూర్చో మామ్మా' అని సీటిచ్చింది. ముఖానికి ఏదైనా మంచి క్రీము రాసివ్వండమ్మా."

మిరప కోతలు ముగిసి, కల్లాల పని నడిచే రోజులలో మా ఓపీకి వచ్చే స్త్రీలలో ఒకరిద్దరైనా ఇలా అడుగుతారు. మేము వారికి వెంటనే క్రీము పేరు చెప్పము. ముందు ఒక చిన్న పరీక్ష చేయిస్తాము. ఈ వ్యాసం చదువుతున్న మీరు కూడా ఇప్పుడే చేసి చూడండి. మీ ముంజేతి పైభాగాన్ని చూడండి. తరువాత చేయి పైకెత్తి, చంకకు దగ్గరగా జబ్బ లోపలి చర్మాన్ని చూడండి. ఒకటి నల్లగా, గరుకుగా, గీతలు పడి ఉంటుంది. రెండవది మెత్తగా, ఒకే రంగులో ఉంటుంది. రెండింటి వయసూ ఒకటే కదా! మరి ఈ తేడా ఎక్కడ నుండి వచ్చింది?

ఆ తేడాలో ఎక్కువ భాగం ఎండ వలన వచ్చినదే. వయసు వలన వచ్చే ముడతలను ఎవరూ ఆపలేరు. అవి రావలసినవే, వాటికి సిగ్గుపడవలసిన పని లేదు. కాని ఎండ వలన ముందుగా వచ్చే ముడతలను, మచ్చలను చాలావరకు తగ్గించుకోవచ్చు. అందానికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. చర్మంపై వచ్చిన ప్రతి మార్పునూ "ఎండకులే" అని వదిలివేయడం వలన కొన్ని పెద్ద జబ్బులు ఆలస్యంగా బయటపడుతున్నాయి. ఆ పొరపాటు మేము కూడా చేశాము. ఆ సంగతి ముందు చెబుతాము.

చర్మంలో ఏం జరుగుతుంది?

మన చర్మంలో పై పొర, లోపలి పొర అని ముఖ్యంగా రెండు ఉంటాయి. లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే సన్నని పోగులు అల్లుకొని ఉంటాయి. నులక మంచాన్ని తలచుకోండి. నులక బిగువుగా ఉన్నంతకాలం మంచం చక్కగా ఉంటుంది. నులక వదులై, అక్కడక్కడ తెగితే మంచం కుంగిపోతుంది. చర్మం ముడతలు పడడం కూడా ఇలాంటిదే.

ఎండలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వీటిలో మనల్ని చేరేవి రెండు రకాలు. 'బి' రకం కిరణాలు పై పొరను కందిపోయేలా, కమిలిపోయేలా చేస్తాయి. కణాలలోని జన్యుపదార్థాన్ని కూడా దెబ్బతీస్తాయి. విటమిన్ డి తయారు కావడానికి ఉపయోగపడేవి కూడా ఇవే. 'ఎ' రకం కిరణాలు ఇంకా లోపలికి వెళ్ళి, మనం చెప్పుకున్న నులకను మెల్లమెల్లగా తెంపుతాయి. వీటికి మంట ఉండదు, నొప్పి ఉండదు. అందువలన జరుగుతున్న నష్టం మనకు తెలియదు. ఇవి మామూలు కిటికీ అద్దం గుండా కూడా లోపలికి వస్తాయి.

దీనికి ఒక మంచి ఉదాహరణ 2012లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 28 సంవత్సరాలు సరుకుల లారీ నడిపిన 69 ఏళ్ళ డ్రైవరు ముఖం ఫోటో అది. ఎడమవైపు ముడతలు మందంగా, లోతుగా ఉన్నాయి. కుడివైపు చాలా తక్కువ. అక్కడ డ్రైవరుకు ఎడమవైపు కిటికీ ఉంటుంది. మన దేశంలో కుడివైపు ఉంటుంది. మన సంఘంలో లారీలు, బస్సులు నడిపే సోదరులు అద్దంలో తమ కుడి చెంపను, కుడి చేతిని ఒకసారి చూసుకుంటే మంచిది.

మన నల్లని చర్మం సంగతి

మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఒక గొడుగులాంటిది. తెల్లవారి కంటె మనకు ముడతలు ఆలస్యంగా రావడానికి, చర్మ క్యాన్సర్లు చాలా తక్కువగా ఉండడానికి ఇదే కారణం. కనుక నలుపు లోపం కాదు, రక్షణ. కాని ఆ గొడుగు పూర్తి గొడుగు కాదు. మన వారిలో ఎండ గుర్తులు ముడతలకన్నా ముందు రంగు మార్పుగా కనబడతాయి. అవి ఇవి:

బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద గోధుమ రంగులో వచ్చే మంగు మచ్చలు. గర్భిణులలోను, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోను ఎక్కువ. ఎండ వీటిని మరింత పెంచుతుంది.

కంటి చివరలలో, నుదుటి మీద, నోటి చుట్టూ గీతలు. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారిలో ఇవి ఇంకా ముందుగా వస్తాయి. ఎండ, పొగ రెండూ కలిస్తే నష్టం రెట్టింపు.

మెడ వెనుక చర్మం తోలులా మందంగా మారి, అడ్డదిడ్డంగా గీతలు పడడం. వంగి నాట్లు వేసేవారిలో, కలుపు తీసేవారిలో మేము దీనిని తరచుగా చూస్తాము.

ముంజేతుల మీద, మోకాళ్ళ క్రింద బియ్యపు గింజంత తెల్లని చుక్కలు. వయసుతోను, ఎండతోను వస్తాయి. వీటి వలన ప్రమాదం లేదు.

కంటి తెల్లగుడ్డు మీద మూల నుండి నల్లగుడ్డు వైపు కండ పెరగడం. చేపల వేటకు వెళ్ళేవారు, ఉప్పు మడులలో పనిచేసేవారు దీనిని గమనించుకోవాలి. నీరు, ఇసుక, ఉప్పు ఎండను తిరిగి ముఖం మీదికి కొడతాయి. కంటి శుక్లాలకు కూడా ఎండ ఒక కారణం.

మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరాల క్రితం గొర్రెలు కాచే ఒక పెద్దాయన కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వారం వారం మా డ్రెస్సింగు గదికి వచ్చేవాడు. షుగరు జబ్బు. యాభై ఏళ్ళుగా ఎండలో తిరిగిన మనిషి. ముఖమంతా ముడతలే. ముక్కు ప్రక్కన పెసరగింజంత నల్లని బుడిపె ఉండేది. దాని నడిమిన చిన్న పుండు. పెచ్చు కట్టేది, ఊడేది, కొద్దిగా నెత్తురు చెమర్చేది. "ఎండకు అయినట్టుంది పెద్దాయనా, గోకవద్దు" అని చెప్పి, కొంచెం పూతమందు రాసి పంపేవాళ్ళము. మా అందరి దృష్టి కాలి మీదనే ఉన్నది.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు మొదటి సంవత్సరం చదువుతున్న నర్సింగు విద్యార్థిని, "మేడమ్, కాలి పుండు మానిపోయింది. ముక్కు దగ్గర పుండు మాత్రం నేను వచ్చినప్పటి నుండి అలాగే ఉన్నదండి" అన్నది. పెద్దవాళ్ళమైన మాకు ఎవరికీ తోచని మాట అది. ఆ రోజే సర్జనుగారికి చూపించాము. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సరు అని వచ్చింది.

ఇది నెమ్మదిగా పెరిగేది, సాధారణంగా ఇతర భాగాలకు ప్రాకదు. కాని వదిలివేస్తే ప్రక్కనున్న ముక్కును, కంటిని తినివేస్తుంది. పెద్దాయనను పెద్దాసుపత్రికి పంపాము. పుండును పూర్తిగా తీసివేసి, చెవి వెనుక చర్మం తెచ్చి అతికారు. మొదటి నెలలోనే మేము గుర్తించి ఉంటే నాలుగు కుట్లతో పోయేది. మేము ఆయనకు క్షమాపణ చెప్పుకున్నప్పుడు ఆయన అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తున్నది. "మీదేముందమ్మా! గొర్రె చెవికి పుండు పడితే వారం తిరక్కుండా పశువుల డాక్టరు దగ్గరకు తోలుకుపోతాను. నా మొహం నేనే చూసుకోలేదు."

అప్పటి నుండి మా డ్రెస్సింగు గదిలో ఒక నియమం పెట్టుకున్నాము. ఏ పుండైనా, ఎక్కడున్నదైనా, నాలుగు వారాలలో మానకపోతే దానిని డాక్టరుకు చూపించి తీరవలసిందే. మీరు కూడా మీ ఇంట్లో ఈ నియమం పెట్టుకోండి. క్రింది పెదవి మీద మానని పుండు, పొలుసు కట్టి గట్టిపడే మచ్చ, అంచులు వంకరటింకరగా మారుతున్న పుట్టుమచ్చ, రంగు మారుతున్న, పెరుగుతున్న, నెత్తురు కారే మచ్చ – ఇవన్నీ చూపించవలసినవే. అరికాలిలో, గోరు క్రింద వచ్చే నల్లని మచ్చను కూడా వదలవద్దు. మన వారిలో మెలనోమా అనే ప్రమాదకరమైన క్యాన్సరు ఎక్కువగా అక్కడే వస్తుంది. అది ఎండ వలన వచ్చేది కాదు. అయినా చూసుకోవాలి.

ఎండ మచ్చలా కనబడే ఇతర జబ్బులు

పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది ఎండ మచ్చ కాదు, శోభి కాదు. కుష్ఠువ్యాధి కావచ్చు. దూదితో తాకి, కళ్ళు మూసుకొని చెప్పమనండి. తెలియకపోతే వెంటనే రండి. ఈ జబ్బుకు మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. ఆరు నెలలు లేక పన్నెండు నెలలు వాడితే నయమవుతుంది. దాచిపెడితేనే వేళ్ళు వంకరపోతాయి.

మెడ చుట్టూ హారం వేసినట్టు, చేతుల మీద తొడుగు వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంటే అది పెల్లగ్రా కావచ్చు. నయాసిన్ అనే విటమిను లోపం వలన వస్తుంది. ఎండ తగిలిన చోటనే కనబడుతుంది. ఒకప్పుడు తెలంగాణ మెట్ట ప్రాంతాలలో జొన్న తప్ప వేరే ఆహారం లేని పేదలలో ఎక్కువగా ఉండేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, వారి బృందం 1960 ప్రాంతాలలో దీని మీద చేసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఇప్పుడు మేము దీనిని ఎక్కువగా మద్యానికి అలవాటుపడి అన్నం మానేసిన వారిలో చూస్తున్నాము.

ముక్కుకు రెండు ప్రక్కలా సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రబడి, దానితోపాటు కీళ్ళనొప్పులు, జ్వరం, జుట్టు రాలడం ఉంటే లూపస్ అనే జబ్బేమో చూడాలి. క్రొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టిన తరువాత ఎండకు చర్మం కాలినట్టు అవుతుంటే ఆ మందు పేరు డాక్టరుకు చెప్పండి. బి.పి.కి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్, ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చే డాక్సీసైక్లిన్ వంటివి ఎండ పడనివ్వవు. అయితే మీ అంతట మీరు మందు మానవద్దు.

తెల్లబడే క్రీములు – జాగ్రత్త

పెళ్ళిచూపులు కుదిరిన ఒక డిగ్రీ అమ్మాయిని తల్లి మా వద్దకు తీసుకువచ్చింది. స్నేహితురాలు చెప్పిందని మందుల షాపులో ఒక క్రీము కొని ఎనిమిది నెలలు రాసింది. మొదటి రెండు వారాలు ముఖం తెల్లబడి మెరిసింది. తరువాత ముఖం ఎర్రబడి, దారాల్లాంటి రక్తనాళాలు తేలి, మొటిమలు, సన్నని వెంట్రుకలు వచ్చాయి. ఎండలోకి అడుగుపెడితే మంట. మానేస్తే ఇంకా ఎక్కువ మంట. ఆ క్రీములో స్టెరాయిడ్ ఉన్నది. అది చర్మాన్ని పలుచన చేస్తుంది. ఆ అమ్మాయి ముఖం కుదుటపడడానికి దాదాపు సంవత్సరం పట్టింది. అంతకాలమూ ఆ తల్లి మమ్మల్ని అడిగినది ఒక్కటే: "నల్లగా ఉన్నా ఫరవాలేదు సిస్టరమ్మా, మునుపటిలా అయితే చాలు."

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లు ఉంటే డాక్టరు చెప్పనిదే ముఖానికి రాయవద్దు. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానకుండా డాక్టరును కలవండి. పేరు, కంపెనీ లేని డబ్బాలలో వచ్చే క్రీములలో పాదరసం ఉండవచ్చు. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ఇంటి వైద్యంలో కూడా ఒక జాగ్రత్త. నిమ్మరసం ముఖానికి రాసుకొని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నల్లని మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. కొబ్బరినూనె స్నానం తరువాత రాసుకుంటే పొడిబారిన చర్మం మెత్తబడుతుంది. అంతేకాని ఎండను ఆపదు.

మరి మనం ఏం చేయాలి?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోలే పగిలితే చర్మం సంగతి చెప్పనక్కరలేదు. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నాలలో అతినీలలోహిత సూచిక 11 దాటుతుంది. ఆ లెక్కలో 3 నుండే జాగ్రత్త మొదలు కావాలి.

నీడను చూసి ఎండను కొలవండి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉంటే ఎండ హాని చేసే సమయమని అర్థం. పిల్లలకు కూడా నేర్పించండి. మామూలుగా ఉదయం 10 నుండి సాయంత్రం 4 వరకు ఇలా ఉంటుంది. పల్చని మబ్బు పట్టినంత మాత్రాన ఈ కిరణాలు ఆగవు.

అన్నిటికన్నా చౌకయిన, మంచి మందు గుడ్డ. నేత దగ్గరగా ఉన్న నూలు చొక్కా, పూర్తి చేతులది. చీర మీద పాత చొక్కా వేసుకొని పొలానికి వెళ్ళే మన అక్కచెల్లెళ్ళు చేస్తున్నది సరైన పనే. తలపాగా కొస మెడ వెనుకకు వదలండి. కొంగు నెత్తిన మాత్రమే కాక చెవులు, మెడ కప్పేలా చుట్టుకోండి. అంచు వెడల్పుగా ఉన్న తాటాకు టోపీ ఇంకా మంచిది. ఆస్ట్రేలియాలో 1981లో చొక్కా తొడుక్కోండి, క్రీము రాయండి, టోపీ పెట్టండి అని ప్రచారం చేశారు. మన తాతలకు మొదటిదీ మూడవదీ ముందే తెలుసు. మనమే ఫ్యాషనుకు వదిలేశాము.

కూలీలను పెట్టుకునే రైతు సోదరులకు ఒక మనవి. మిర్చి కల్లంలో కాయలు ఏరే స్త్రీలు రోజంతా ఒకేచోట కూర్చుంటారు. నాలుగు గుంజలు పాతి పాత పరదా కట్టించండి. పని తెల్లవారుజామున మొదలుపెట్టి, మధ్యాహ్నం విరామం ఇవ్వండి. వడదెబ్బ నుండి కూడా వారు బయటపడతారు.

చలువ కళ్ళద్దాలు కొనేటప్పుడు 'యు.వి. 400' అని ఉన్నవి కొనండి. ఉత్త నల్లరంగు అద్దాలతో పాప పెద్దదై మరింత కిరణాలు లోపలికి పోతాయి.

ఆరు నెలల లోపు పసిబిడ్డలకు నీడ, గుడ్డ చాలు. క్రీములు వద్దు. పుట్టుకతోనే చర్మం, జుట్టు తెల్లగా ఉన్న పిల్లలకు మెలనిన్ గొడుగు ఉండదు. వారికి చిన్న వయసులోనే చర్మ క్యాన్సరు వచ్చే ప్రమాదమున్నది. బడిలో వారిని ఎండలో నిలబెట్టవద్దని ఉపాధ్యాయులతో చెప్పండి. పూర్తి చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ వారికి సోకు కాదు, మందు.

సన్‌స్క్రీన్ ఎలా వాడాలి?

కొనగలిగినవారు ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించినది, రెండు రకాల కిరణాలనూ ఆపేది తీసుకోండి. ఎస్.పి.ఎఫ్. 30 'బి' కిరణాలలో సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం ఆపుతాయి. కనుక పెద్ద అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. ఎంత రాశారన్నదే ముఖ్యం. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. బయలుదేరడానికి పావుగంట ముందు రాయాలి. ఎండలోనే ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి.

దీని వలన నిజంగా ముడతలు తగ్గుతాయా అని అడుగుతారు. ఆస్ట్రేలియాలో 55 ఏళ్ళ లోపు 900 మందికి పైగా పెద్దల మీద జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. నాలుగున్నర సంవత్సరాలు రోజూ సన్‌స్క్రీన్ రాసినవారిలో చర్మం ముదరడం, ఇష్టమైనప్పుడు రాసినవారికన్నా 24 శాతం తక్కువగా కనబడింది. అంటే అప్పుడప్పుడు రాయడం కాదు, రోజూ రాయడమే ముఖ్యం. రోజంతా పొలంలో చెమట కార్చేవారికి ఇది ఖర్చుతో కూడిన పని. వారికి మేము గుడ్డ, టోపీ, నీడ – ఈ మూడే ముందు చెబుతాము.

విటమిన్ డి మాటేమిటి? పొలం పనివారికి కావలసిన ఎండ ఎలాగూ అందుతుంది. ఇంటిపట్టున ఉండేవారు ముఖాన్ని నీడలో ఉంచి, చేతులకు, కాళ్ళకు కొద్దిసేపు ఎండ తగలనివ్వవచ్చు. లోపమున్నదని పరీక్షలో తేలితే మందు ఉన్నది.

ఇప్పటికే వచ్చిన ముడతలకు?

పూర్తిగా చెరిపివేసే క్రీము లేదు. ఉన్నదని చెప్పేవారిని నమ్మవద్దు. ఇప్పటి నుండి ఎండను ఆపితే ముడతలు లోతు కావడం నెమ్మదిస్తుంది. చర్మం కొంతవరకు తనను తాను బాగుచేసుకుంటుంది కూడా. ట్రెటినాయిన్ అనే పూతమందు సన్నని ముడతలను కొంత తగ్గిస్తుంది. డాక్టరు సలహాతో రాత్రిపూట మాత్రమే రాయాలి. గర్భిణులు వాడరాదు. పొగ మానడం కూడా వైద్యమే.

బస్సులో 'మామ్మా' అని పిలిపించుకున్న ఆ సోదరికి మేము క్రీము రాయలేదు. పూర్తి చేతుల పాత చొక్కా, టోపీ వాడమన్నాము. ముఖం, చెవులు, మెడ, పెదవి, చేతులు, అరికాళ్ళు నెలకొకసారి చూసుకోమని, వీపు తోటివారితో చూపించుకోమని చెప్పాము. "ఇంతేనా సిస్టరమ్మా!" అని కొంచెం నిరాశపడింది. రెండు నెలల తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి తన ముఖం కోసం కాదు. కల్లంలో తన ప్రక్కన కూర్చునే పెద్దావిడను వెంటబెట్టుకొని వచ్చింది. "ఈమె పెదవి మీద పుండు నెల దాటినా మానలేదు, చూడండమ్మా" అన్నది. ఆ పుండును ముందుగానే పట్టుకోగలిగాము.

ప్రియమైన పాఠకులారా, ఈ నెలలో ఒక రోజు వెలుతురులో కూర్చొని మీ చర్మాన్ని, మీ ఇంటి పెద్దల చర్మాన్ని చూడండి. ముడతలు ఉంటే ఉండనివ్వండి. నాలుగు వారాలు దాటిన పుండు మాత్రం ఉండనివ్వవద్దు.